జెనోవాను కాలినడకన చూడటం ఎలా: రెండు రోజుల సమగ్ర మార్గదర్శి

ఇటలీ వెళ్ళే మనవాళ్ళ లిస్టులో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ తప్పకుండా ఉంటాయి. జెనోవా మాత్రం అరుదు. షిప్ ఎక్కడానికో, చింక్వె తెర్రె వైపు ట్రైన్ మారడానికో ఒక పూట ఆగినవాళ్ళు రేవు మీదుగా పోయే ఫ్లైఓవర్‌నీ, దాని వెనక చీకటి సందుల్నీ చూసి, ఇందులో ఏముందిలే అనుకుని వెళ్ళిపోతారు.

వాళ్ళు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. జెనోవా 1797 వరకు ఒక రిపబ్లిక్. రాజు లేడు కాబట్టి రాజు కట్టించే విశాలమైన కూడళ్ళూ లేవు. కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న కాస్త చోటులో ఓడల వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసే కుటుంబాలు ఒకదానికొకటి ఆనించి ఇళ్ళు కట్టుకున్నాయి. స్పెయిన్ రాజుకే అప్పులిచ్చినంత డబ్బు వాళ్ళది. ఆ డబ్బంతా పైకప్పుల మీద బొమ్మలుగా, పాలరాతి మెట్లుగా ఇళ్ళ లోపల కూర్చుంది. బయటి నుంచి చూసేవాడికి దొరికేది గోడే.

అందుకే ఇక్కడ తిరగడానికి మూడు అలవాట్లు కావాలి. ఎత్తు నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి. తెరిచి ఉన్న ప్రతి పెద్ద తలుపులోకీ తొంగి చూడాలి. సందులో నడుస్తున్నప్పుడు తలెత్తి చూడాలి. కింద చెప్పే వరుసంతా వీటి చుట్టూనే ఉంటుంది.

వెళ్ళే ముందు

మన దేశం నుంచి జెనోవాకి నేరుగా విమానం లేదు. ఎక్కువమంది మిలాన్‌లో దిగి ట్రైన్‌లో వస్తారు. మిలాన్ సెంట్రల్ నుంచి గంటన్నర, రెండు గంటల ప్రయాణం. ఊళ్ళో రెండు పెద్ద స్టేషన్లున్నాయి: పడమటి వైపు పియాజ్జా ప్రిన్చిపె, తూర్పు వైపు బ్రిన్యోలె. పాత ఊరు ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. టికెట్ తీసుకునేటప్పుడు ఏ స్టేషన్‌లో దిగాలో హోటల్‌ని బట్టి తేల్చుకోండి. లోకల్ ట్రైన్‌కి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్‌లో స్టాంప్ వేయించాలి. టికెట్ చేతిలోనే ఉన్నా ఆ ముద్ర లేకపోతే జరిమానా కట్టాల్సిందే.

రోజుల ఎంపిక కూడా ముఖ్యం. ఇటలీలో చాలా చోట్లలాగే ఇక్కడా మ్యూజియంలు ఎక్కువగా సోమవారం మూస్తారు. చర్చిలు మధ్యాహ్నం పన్నెండు దాటాక మూసి, మూడు, మూడున్నరకి మళ్ళీ తెరుస్తారు. కాబట్టి చర్చిలను సాయంత్రానికి, మ్యూజియంలను పొద్దుటికి పెట్టుకుంటే గొడవ ఉండదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడ కుండపోత వానలు పడతాయి. కొండల మీద నుంచి నీళ్ళు ఒక్కసారిగా ఊళ్ళోకి దిగుతాయి. 2011లో, 2014లో వచ్చిన వరదలను ఊరింకా మరచిపోలేదు. ఆ నెలల్లో వెళ్తే వాతావరణ హెచ్చరికలు రోజూ చూసుకోండి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు పార్కులు, మ్యూజియంలు కూడా మూతపడొచ్చు. ఏప్రిల్, మే నెలలు అన్నిటికన్నా హాయి.

బూట్లు మంచివి వేసుకోండి. ఈ ఊరంతా ఎక్కడం, దిగడమే. పెద్ద చక్రాల సూట్‌కేసుతో పాత ఊళ్ళోని అపార్ట్‌మెంట్ బుక్ చేసుకుంటే లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగాలి. ఆరేడు అంతస్తుల ఇళ్ళు, పాతకాలపు మెట్లు. పెద్దవాళ్ళు వెంట ఉంటే స్టేషన్ దగ్గరి హోటలే మేలు.

మొదటి రోజు పొద్దున: లిఫ్ట్ ఎక్కి ఊరిని చూడండి

పియాజ్జా పోర్తెల్లో అనే చిన్న కూడలి దగ్గర గోడలో ఒక సొరంగం ఉంటుంది. లోపలికి నడిస్తే చివర లిఫ్ట్. 1909 నుంచి ఊరి జనం కొండ మీది ఇళ్ళకి దీనిలోనే వెళ్తున్నారు, కూరగాయల సంచులతో సహా. పైన దిగే చోటు కస్తెల్లెత్తో. ఊరు మొత్తం కాళ్ళ కింద పరిచినట్టు కనబడుతుంది: బూడిదరంగు పలకరాతి కప్పులు, వాటి మధ్య చర్చి గోపురాలు, వెనక రేవు క్రేన్లు, కుడి చివర లైట్‌హౌస్.

ఇక్కడ పది నిమిషాలు నిలబడి ఒక పని చేయండి. చారలున్న కతీడ్రల్ బురుజునీ, పాత రేవునీ, లైట్‌హౌస్‌నీ గుర్తుపట్టండి. కింద సందుల్లోకి దిగాక ఇవేవీ కనబడవు. ఫోన్ మ్యాప్ కూడా ఎత్తైన ఇళ్ళ మధ్య చుక్కని అటూ ఇటూ గెంతిస్తుంది. అప్పుడు పనికొచ్చేది ఈ పది నిమిషాల చూపే.

దిగేటప్పుడు లిఫ్ట్ వద్దు, నడవండి. మెట్ల దారి నేరుగా మన తర్వాతి చోటుకి చేరుస్తుంది.

వియా గరిబాల్ది: ఎక్కువ సమయం ఇవ్వాల్సిన వీధి

ఇది సుమారు 250 మీటర్ల వీధి. 1550ల్లో కొండ వాలున స్థలాన్ని ప్లాట్లు వేసి వేలంలో అమ్మారు. కొన్నది అతి ధనిక కుటుంబాలు. స్త్రాదా నువోవా, అంటే కొత్త వీధి, అని దానికి పేరు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే గేటెడ్ కమ్యూనిటీ వెంచర్. కాకపోతే ఒక్కో ఇల్లూ ఒక్కో రాజభవనమంత ఉంటుంది.

ఈ ఇళ్ళకి ప్రభుత్వం పెట్టిన పనొకటుంది, దాని వల్లే వీటికి ప్రపంచమంతా పేరొచ్చింది. రిపబ్లిక్‌లో రాజభవనం ఉండదు కదా, మరి రాజులు, కార్డినల్స్, రాయబారులు వస్తే ఎక్కడ దింపాలి? 1576లో సెనేట్ ఒక పద్ధతి పెట్టింది. అతిథులను దింపదగిన ఇళ్ళ జాబితా రాసి, హోదాను బట్టి తరగతులుగా విడగొట్టింది. అతిథి వచ్చినప్పుడు ఆ తరగతిలోంచి చీటీ తీసేవారు. ఎవరి పేరొస్తే వాళ్ళు ఖర్చు పెట్టుకుని విడిది ఇవ్వాలి. ఆ జాబితాలను రోల్లి అనేవారు. 1664 వరకు మరో నాలుగు సార్లు జాబితాలను తిరగరాశారు. జాబితాలో పేరుండటం గొప్ప, చీటీలో పేరు రావడం జేబుకి చిల్లు. ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ ఈ ఇళ్ళను చూసి ముచ్చటపడి, వాటి ప్లాన్లతో 1622లో పుస్తకమే వేయించాడు. 2006లో యునెస్కో ఈ వీధులనూ, 42 రోల్లి భవనాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు చూసే పద్ధతి. ఒకే టికెట్‌తో మూడు భవనాలు చూడొచ్చు: పలాజ్జో రొస్సో, పలాజ్జో బియాంకో, పలాజ్జో తుర్సి. ముందు రొస్సోలోకి వెళ్ళండి. పేరుకు తగ్గట్టే ఎర్ర రంగు ఇల్లు. బ్రిన్యోలె సాలె కుటుంబం 1670ల్లో కట్టుకుంది. గదుల పైకప్పుల మీద ఋతువుల బొమ్మలుంటాయి, గోడల మీద వాన్ డైక్ గీసిన ఆ కుటుంబపు నిలువెత్తు చిత్రాలు. వాన్ డైక్ కుర్రవాడిగా ఉన్నప్పుడు 1620ల్లో ఈ ఊళ్ళో కొన్నేళ్ళుండి ధనికుల బొమ్మలు గీశాడు. ఆ నల్ల పట్టుబట్టలు, తలెత్తి కిందికి చూసే ఆ చూపు గమనించండి, వీళ్ళు ఎలాంటివాళ్ళో అర్థమవుతుంది. చివరగా ఇంటి కప్పు మీదికి వెళ్ళే దారి అడగండి. అది తెరిచి ఉన్న రోజైతే అస్సలు వదలొద్దు.

ఎదురుగా బియాంకోలో పెయింటింగులు ఎక్కువ. కరవాజ్జో గీసినట్టు చెప్పే యేసు చిత్రం ఒకటి ఇక్కడుంది. చిత్రకళ మీద పెద్దగా ఆసక్తి లేకపోతే ఇక్కడ అరగంట చాలు.

తుర్సిని నికోలో గ్రిమాల్ది కట్టించడం మొదలుపెట్టాడు. బిరుదుల వరుస చూసి జనం అతన్ని "చక్రవర్తి" అని పిలిచేవాళ్ళట. ఇప్పుడది మున్సిపల్ ఆఫీసు. పాలరాతి ప్రాంగణం చూడటానికి టికెట్ అక్కర్లేదు. శని, ఆదివారాల్లో అక్కడ పెళ్ళి బృందాలు కనబడతాయి. లోపలి గదిలో ఈ ఊరివాడే అయిన వయొలిన్ మేధావి పగనీనీ వాయించిన వాయిద్యం ఉంది. గ్వార్నేరి 1743లో చేసిన ఆ వయొలిన్‌ని దాని గంభీరమైన నాదం వల్ల పగనీనీ "ఫిరంగి" అని పిలుచుకున్నాడు, పోతూ పోతూ ఊరికి రాసిచ్చాడు. పగనీనీ పేరు మీద జరిగే పోటీలో నెగ్గినవాళ్ళకి దాన్ని వాయించే అవకాశం ఇస్తారు.

మిగతా భవనాల్లో బ్యాంకులు, ఆఫీసులు ఉన్నాయి. తలుపు తీసి ఉంటే ప్రాంగణం వరకు మర్యాదగా వెళ్ళి చూడొచ్చు, సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఏటా వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి రోల్లి డేస్ పేరుతో మామూలుగా మూసి ఉండే ఇళ్ళను కూడా జనానికి తెరుస్తారు. మీ తేదీలు మార్చుకోగలిగితే వాటికి కుదిరేలా మార్చుకోండి. ఈ మొత్తం వ్యాసంలో నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే.

సందుల్లో నడవడం ఎలా

వియా గరిబాల్ది నుంచి సముద్రం వైపు ఏ సందులో దిగినా కరుజ్జి అనే పాత ఇరుకు సందులు మొదలవుతాయి. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు కూడా ఉన్నాయి. ఇక్కడ తెలియాల్సినవి కొన్ని.

దారి తప్పితే పల్లానికి నడవండి. ఎటు దిగినా చివరికి రేవు దగ్గరే తేలతారు.

ఇంటి నంబర్లు రెండు వరుసల్లో ఉంటాయి. ఇళ్ళకి నల్ల నంబర్లు, దుకాణాలకి, హోటళ్ళకి ఎర్ర నంబర్లు. చిరునామాలో అంకె పక్కన ఇటాలియన్ ఆర్ అక్షరం ఉంటే అది ఎర్ర నంబరు. 20 నంబరు ఇంటి ముందు నిలబడి, మీరు వెతికే హోటల్ కనబడక కంగారు పడుతుంటే, ఎర్రటి 20 ఇంకాస్త దూరంలో ఉండొచ్చు.

సందు మలుపుల్లో మొదటి అంతస్తు ఎత్తున మేరీమాత గూళ్ళు కనబడతాయి. పాలరాతి చట్రం, లోపల విగ్రహం. పూర్వం రాత్రిపూట సందుల్లో కాస్త వెలుగిచ్చింది వాటి ముందు వెలిగించే దీపాలే. పిల్లలు వెంట ఉంటే వాటిని లెక్కపెట్టమనండి, నడక విసుగు తెలియదు.

పగలు ఈ సందులు మామూలుగానే ఉంటాయి. చీకటి పడ్డాక మద్దలెనా, ప్రె అనే వీధుల చుట్టుపక్కల ఒంటరిగా వెళ్ళవద్దు. రేవు ఊళ్ళలో ఉండే వ్యాపారాలన్నీ అక్కడున్నాయి. ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తూ నడవకండి, జేబుదొంగలకి అదే అదను.

ఇదే ప్రాంతంలో ఉన్న పలాజ్జో స్పినోలా నాకు ఊరి మ్యూజియంలన్నిటిలోకీ ఎక్కువ ఇష్టం. స్పినోలా కుటుంబం 1958లో ఇంటినీ, సామానునూ ప్రభుత్వానికి ఇచ్చేసింది. అందుకే అది మ్యూజియంలా కాక ఇల్లులానే ఉంటుంది. వంటగది కూడా అలాగే ఉంచారు. ఆంతొనెల్లో ద మెస్సీనా వేసిన యేసు ముఖం ఇక్కడుంది. చిన్న బొమ్మే, కానీ ఆ కళ్ళలో నీళ్ళు చూసి కదలడం కష్టం.

తిండి, ముఖ్యంగా శాకాహారులకి

ఇటలీలో శాకాహారులకి ఈ ఊరు బాగా సరిపోతుంది. ఫరినాత అనేది శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే వంటకం. మన దిబ్బరొట్టెనే శనగపిండితో పల్చగా వేస్తే ఎలా ఉంటుందో అలా: అంచు కరకర, మధ్య మెత్తన. మిరియాల పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి, చల్లారితే రుచి చచ్చిపోతుంది. పళ్ళెం పొయ్యిలోంచి వచ్చేదాకా క్యూలో ఆగండి.

పెస్తో పుట్టింది ఇక్కడే. తులసి జాతిదైన బేసిల్ ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, రెండు రకాల చీజ్ వేసి పాలరాతి రోట్లో నూరతారు. త్రోఫియె అనే మెలితిప్పిన చిన్న పాస్తాతో, బంగాళదుంప, బీన్స్ ముక్కలు కలిపి వడ్డిస్తారు. త్రోఫియెలో గుడ్డు ఉండదు. ఆ చీజుల్లో ఒకటి మాత్రం పర్మిజానో. దాన్ని తోడు పెట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు కాబట్టి కచ్చితంగా పాటించేవాళ్ళు ఆలోచించుకోవాలి. ఆకుకూర కూరిన పన్సోత్తి, వాల్‌నట్ సాస్‌తో, చాలా బాగుంటుంది. గుడ్డు, చీజ్ రెండూ పడతాయి. పొద్దున్నే ఫొకాచ్చా రొట్టెను కాఫీలో ముంచుకు తినేవాళ్ళను చూసి ఆశ్చర్యపోకండి, మీరూ ప్రయత్నించండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "సెన్‌జా కార్నె, సెన్‌జా పెష్షె" అనండి, మాంసం, చేప లేకుండా అని. చేప మాట విడిగా చెప్పకపోతే ఆంచొవీలు పడే అవకాశం ఉంది.

మాంసాహారులకి రేవు ఎదుట సొత్తోరిపా ఆర్చీల కింద చేపల వేపుళ్ళ కొట్లున్నాయి. కాగితం పొట్లంలో కట్టిస్తారు, నడుస్తూ తినొచ్చు.

మొదటి రోజు సాయంత్రం: సాన్ మత్తేయో నుంచి పోర్తా సొప్రానా దాకా

చర్చిలు తెరిచే వేళకి సాన్ మత్తేయో కూడలికి చేరండి. చాలా చిన్న కూడలి. ఊరిని శతాబ్దాలపాటు శాసించిన దోరియా కుటుంబపు పేట ఇది. చర్చీ, చుట్టూ ఇళ్ళూ అన్నీ నలుపు తెలుపు చారల్లోనే. ఆ చారలు వేసుకునే హక్కు కొన్ని పెద్ద కుటుంబాలకే ఉండేదని చెబుతారు. చర్చి గోడ మీద వరుసగా చెక్కిన రాతలు ఆ కుటుంబం నెగ్గిన సముద్ర యుద్ధాల వివరాలు. గోడలో అమర్చిన పాత రోమన్ రాతి పెట్టె లాంబా దోరియా సమాధి. 1298లో కుర్జోలా దగ్గర వెనిస్ నౌకాదళాన్ని ఓడించిన సేనాని అతనే. ఈ పేరు గుర్తుంచుకోండి, రేపు పొద్దున అవసరం పడుతుంది.

అక్కణ్ణించి రెండు నిమిషాల్లో పియాజ్జా దె ఫెర్రారి. పెద్ద కంచు ఫౌంటెన్ ఉంటుంది, ఫొటో తీసుకుని ముందుకు సాగండి. పక్కనే పలాజ్జో దుకాలే. రిపబ్లిక్ పెద్ద అయిన డోజె ఇక్కడుండేవాడు. 1528 నుంచి డోజె పదవీకాలం రెండేళ్ళే, ఏ కుటుంబమూ పాతుకుపోకుండా. ఇప్పుడు ఎగ్జిబిషన్లు పెడతారు. లోపలి ప్రాంగణాలగుండా నడవడానికి టికెట్ అక్కర్లేదు.

దాని వెనక సాన్ లొరెంజో కతీడ్రల్. 1118లో పోప్ జెలాసియస్ రెండవవాడు ప్రతిష్ఠించాడు. లోపలికి వెళ్ళేముందు ముఖద్వారాల దగ్గరి శిల్పాల్లో నిద్రపోతున్న చిన్న కుక్కను వెతకండి. దాన్ని కనిపెట్టడం ఊరివాళ్ళకి ఒక ఆట. లోపల కుడి పక్కన గోడ దగ్గర ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుళ్ళు కురిపించినప్పుడు ఇది కప్పు చీల్చుకుని లోపల పడింది, పేలలేదు. 381 మిల్లీమీటర్ల గుండు. పేలి ఉంటే ఈ చర్చి ఉండేది కాదు.

కింద ఉన్న నిధుల మ్యూజియంకి విడిగా టికెట్ ఉంటుంది, దండగ కాదు. 1956లో ఫ్రాంకో అల్బీని రూపకల్పన చేసిన గుండ్రటి రాతి గదుల్లో ఆకుపచ్చ గాజు పళ్ళెం ఒకటుంది. మొదటి క్రూసేడ్ తర్వాత 1101లో సెజేరియా నుంచి తెచ్చారు. క్రీస్తు చివరి భోజనంలో వాడిన పళ్ళెమనీ, మరకతంతో చేసిందనీ శతాబ్దాలపాటు నమ్మారు. నెపోలియన్ పారిస్‌కి పట్టించుకుపోయాడు. 1816లో ముక్కలై తిరిగొచ్చింది. మరకతం కాదు, గాజు అని తేలిపోయింది. అయినా పూజనీయంగానే దాచుకున్నారు.

పొద్దు మిగిలి ఉంటే పోర్తా సొప్రానా వైపు నడవండి. రెండు బురుజుల కోట గుమ్మం. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరొస్సా దండెత్తి వస్తాడన్న భయంతో 1155లో ఊరంతా కలిసి ప్రాకారం కట్టుకుంది, ఇది దాని ద్వారం. పక్కనే కొలంబస్ ఇల్లు అని ఒక చిన్న రాతి ఇల్లు చూపిస్తారు. కొలంబస్ 1451లో ఈ ఊళ్ళో నేతపనివాడి ఇంట పుట్టాడు, అది నిజం. కానీ అసలు ఇల్లు 1684లో ఫ్రెంచి నౌకాదళం ఊరిని కాల్చినప్పుడు పోయింది. మీరు చూసేది పద్దెనిమిదో శతాబ్దంలో తిరిగి కట్టింది. బయట నుంచి చూస్తే చాలు, లోపలికి టికెట్ కొనమని నేను చెప్పను.

రెండో రోజు పొద్దున: రేవు

పాత రేవుకి ఎదురుగా, గోడల నిండా రంగుల బొమ్మలున్న భవనం పలాజ్జో సాన్ జోర్జో. వెనక భాగం 1260లో కట్టింది. సముద్రం వైపు గోడ మీద గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ చిత్రం తర్వాతి కాలానిది. 1407లో పెట్టిన సాన్ జోర్జో బ్యాంకు నాలుగు వందల ఏళ్ళు దీంట్లోంచే నడిచింది. ఇప్పుడు రేవు అధికారుల ఆఫీసు.

తెలుగువాళ్ళు ఇక్కడ రెండు నిమిషాలు ఎక్కువ నిలబడాలి. నిన్న చూసిన లాంబా దోరియా విజయం కాలంలోనే వెనిస్‌వాడైన మార్కో పోలో జెనోవాకి బందీగా చిక్కాడు. అతన్ని ఉంచింది ఈ భవనంలోనే అని ఊరివాళ్ళ నమ్మకం. తోటి ఖైదీ, పీసా నగరపు రచయిత రుస్తికెల్లోకి తన ప్రయాణాలు చెబుతూ రాయించాడు. ఆ కథనంలో ముత్ఫిలి అనే రాజ్యం వస్తుంది. అక్కడి వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు, భర్త పోయాక న్యాయంగా పాలిస్తున్న రాణి. చరిత్రకారులు దాన్ని చీరాల దగ్గరి మోటుపల్లిగా, ఆ రాణిని కాకతి రుద్రమదేవిగా గుర్తించారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో సముద్ర వ్యాపారులకి అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. ఆ రాణి సంగతి యూరప్ కాగితం మీదికి ఎక్కింది జెనోవా చెరలో.

రోడ్డు దాటితే పోర్తో ఆంతికో. కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్ళు నిండిన సందర్భంగా 1992లో జరిగిన ప్రదర్శన కోసం, ఈ ఊళ్ళోనే పుట్టిన ఆర్కిటెక్ట్ రెన్‌జో పియానో మూలపడిన రేవుని జనానికి తెరిచాడు. సాలెపురుగు కాళ్ళలా తెల్లటి దూలాలు చాచిన కట్టడం బిగో, ఓడ క్రేన్ల రూపం నుంచి తీసుకున్నది. దాని లిఫ్ట్ 40 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. నిన్న కస్తెల్లెత్తో ఎక్కినవాళ్ళకి అవసరం లేదు. అక్వేరియం యూరప్‌లోని పెద్దవాటిలో ఒకటి. పిల్లలుంటే వెళ్ళండి, సగం రోజు పోతుందని తెలుసుకునే వెళ్ళండి. లేకపోతే ఆ సమయం గలాతా సముద్ర మ్యూజియంకి ఇవ్వండి. పదిహేడో శతాబ్దపు తెడ్ల ఓడను నిలువెత్తున కట్టిపెట్టారు. అమెరికా, అర్జెంటీనా వలస వెళ్ళినవాళ్ళు పడుకున్న ఓడ అడుగు గదులను తిరిగి నిర్మించారు. బయట నీళ్ళలో నజారియో సౌరో అనే అసలు జలాంతర్గామి ఉంది, లోపలికి దిగి చూడొచ్చు. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్ళు దాన్ని మానేయడమే మంచిది.

రెండో రోజు మధ్యాహ్నం: ఒకటి ఎంచుకోండి

మూడు చోట్లున్నాయి, ఒక్క పూటలో మూడూ కుదరవు.

లాంతెర్నా ఈ ఊరి గుర్తు. ఇప్పుడున్న రూపం 1543 నాటిది, లైట్‌హౌస్ ఎత్తు 77 మీటర్లు. షిప్ టెర్మినళ్ళ వైపు నుంచి రేవు అంచునే నడకదారి ఉంది. పక్కనే కంటైనర్లు, లారీలు, క్రేన్లు. అందంగా ఉండదు, కానీ రేవు ఎలా పనిచేస్తుందో ఇంత దగ్గరగా ఇంకెక్కడా కనబడదు. 172 మెట్లు ఎక్కితే మొదటి వరండా వస్తుంది, అక్కడివరకే అనుమతి. అన్ని రోజులూ తెరవరు, బయలుదేరేముందు వెబ్‌సైట్ చూడండి.

స్తాల్యెనో శ్మశానం. టూర్‌కి వెళ్ళి శ్మశానమా అని ఇంట్లోవాళ్ళు అంటారు. అననివ్వండి. నాకు ఒక్కటే చూసే వీలుంటే ఇక్కడికే వెళ్తాను. ప్రిన్చిపె నుంచి 34 నంబరు బస్సు పోతుంది, ప్రవేశం ఉచితం. 1851లో తెరిచారు. పొడవాటి వరండాల్లో ధనిక వ్యాపారులు తమ కుటుంబాలను పాలరాతిలో చెక్కించుకున్నారు: లేసు అంచు, బొత్తాము, చెంగు మడత వదలకుండా. వాటి మధ్య కతెరీనా కంపొదోనికో నిలబడి ఉంటుంది. ఆమె జాతరల్లో గింజల దండలు, రొట్టెలు అమ్ముకునే మనిషి. జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో, బతికుండగానే 1881లో, పేరున్న శిల్పి ఒరెంగో చేత తన విగ్రహం చెక్కించుకుంది. చేతిలో గింజల దండలు, రొట్టెలు, ఒంటి మీద పండగ బట్టలు. పెద్దింటివాళ్ళ పక్కన, వాళ్ళంత ఎత్తున. దీంతోపాటు మొంతెవెర్దె చెక్కిన రెక్కల దేవదూతనీ, పైన చెట్ల మధ్య ఇటలీ ఏకీకరణ నాయకుడు మాత్సీని సమాధినీ చూడండి. మధ్యాహ్నం త్వరగా మూస్తారు కాబట్టి భోజనం కాగానే బయలుదేరాలి.

బొక్కదాస్సె తూర్పు చివర ఉన్న పాత మత్స్యకారుల పేట. గులకరాళ్ళ ఒడ్డు, రంగుల ఇళ్ళు, ఐస్‌క్రీం. రెండు రోజుల మెట్ల తర్వాత కాళ్ళు మొరాయిస్తే ఇదే సరి. కోర్సో ఇతాలియా వెంట సముద్రం పక్కనే నడుస్తూ వెళ్ళొచ్చు, వచ్చేటప్పుడు బస్సు ఎక్కండి. ఆదివారం సాయంత్రం మాత్రం ఊరంతా అక్కడే ఉంటుంది.

షిప్‌లో వచ్చి ఒక పూటే ఉంటే

క్రూయిజ్ టెర్మినల్ నుంచి ప్రిన్చిపె స్టేషన్ పది నిమిషాల నడక. స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కి దె ఫెర్రారిలో దిగండి. కతీడ్రల్‌ని పన్నెండు లోపు ముగించండి. అక్కణ్ణించి సాన్ మత్తేయో మీదుగా వియా గరిబాల్దికి పావుగంట. టికెట్ తీసుకుని పలాజ్జో రొస్సో ఒక్కటీ చూడండి, తుర్సి ప్రాంగణం ఎలాగూ ఉచితమే. తర్వాత పోర్తెల్లో లిఫ్ట్ ఎక్కి, చూసి, దిగి, సందులగుండా సొత్తోరిపాకి వచ్చి ఏదో ఒకటి తినండి. సాన్ జోర్జో ఎదురుగానే ఉంటుంది. అక్కణ్ణించి రేవు వెంట టెర్మినల్‌కి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడక. అక్వేరియం, లాంతెర్నా, స్తాల్యెనో ఈ పూటలో పెట్టుకోకండి. షిప్ వాళ్ళు చెప్పిన వేళకి గంట ముందే సందుల్లోంచి బయటపడి రేవు రోడ్డు మీద ఉంటే టెన్షన్ ఉండదు.